కుక్కపిల్ల వచ్చిందని మాత్రలు మానేయకండి: అపోహలు - వాస్తవాలు

"అబ్బాయికి కుక్కపిల్లను తెచ్చాం, ఇక డిప్రెషన్ మందులు ఆపేయొచ్చు కదా?" కుక్కతో కలిసి కౌన్సెలింగ్ చేసే నన్ను జనం ఎక్కువగా అడిగేది ఇదే. ఆపకూడదండీ. జంతువుల సాయంతో చేసే థెరపీ, జరుగుతున్న చికిత్సకు తోడు మాత్రమే.

ఈ అపోహ ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. డిప్రెషన్ మాత్రల గుణం కనిపించడానికి సాధారణంగా 2 నుంచి 4 వారాలు పడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే కుక్కపిల్ల ఇంటికొస్తుంది. మనిషి తేరుకుంటాడు, పేరంతా కుక్కపిల్లకు వస్తుంది, మాత్రలు అటకెక్కుతాయి. ఉన్నట్టుండి మానేస్తే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, తలలో కరెంటు షాకు కొట్టినట్టు అనిపించడం జరగొచ్చు. జబ్బు తిరగబెట్టే ప్రమాదమూ ఉంది. నెమ్మదించాక కూడా మామూలుగా కనీసం 6 నెలలు వాడమంటారు. ఎప్పుడు, ఎంత తగ్గించాలో డాక్టరే చెప్పాలి.

ఒకమ్మాయి బంధువుల మాట విని ఇలాగే మానేసింది. కొన్నాళ్లకు కుక్కకు గిన్నెలో నీళ్లు పోయడానికి కూడా మంచం దిగలేకపోయింది. "దాన్ని కూడా చూసుకోలేని దాన్ని" అని ఏడ్చింది. ఆమెను ఏమనగలం? నా కోపమంతా ఆ సలహా ఇచ్చినవాళ్ల మీదే. మళ్లీ మందులు మొదలుపెట్టి, కుక్క బాధ్యత కొన్నాళ్లు అన్నయ్యకు అప్పగించాక కుదుటపడింది.

అసలు కుక్క చేసేదేమిటి? అమెరికన్ పిల్లల సైకాలజిస్టు బోరిస్ లెవిన్సన్ 1962లోనే దీని గురించి రాశారు. ఎవరితోనూ కలవని పిల్లలు ఆయన కుక్క జింగిల్స్ దగ్గర తెరుచుకునేవారు. ఆ సందులోంచి లోపలికి వెళ్లి చికిత్స చేసింది మాత్రం లెవిన్సనే. నా గదిలోనూ అంతే. నా ముఖం చూడని పిల్లాడు కుక్క చెవులు నిమురుతూ, స్కూల్లో జరిగిందంతా దానికి చెబుతాడు. నేను పక్కన కూర్చుని వింటాను.

ఇక మిగతావి. ఈ పనికి కుక్క ముద్దుగా ఉంటే చాలదు. శాంత స్వభావం, శిక్షణ, టీకాలు ఉండాలి. డాల్ఫిన్లతో ఆటిజం నయమవుతుందనడానికి గట్టి ఆధారాల్లేవు, డబ్బు తగలేయకండి. కుక్కలంటే భయమో, అలర్జీయో ఉంటే మొహమాటపడకుండా చెప్పండి, కుక్క లేకుండానే సెషన్ చేస్తాం.

కుక్కకూ అలసట ఉంటుంది. పదే పదే ఆవలిస్తున్నా, పెదాలు నాక్కుంటున్నా, ముఖం తిప్పుకుంటున్నా దానికి ఇక చాలు అని అర్థం. అప్పుడు కూడా దాన్ని బలవంతంగా కూర్చోబెట్టే చోటికి మీ పిల్లల్ని తీసుకెళ్లొద్దు.