ఇంట్లోనే పది, ఇంటర్: అపోహలు - వాస్తవాలు

మా ఇద్దరు పిల్లలూ ఎనిమిదో తరగతి తర్వాత బడికి వెళ్లలేదు. బడికి వెళ్లకుండానే పరీక్షలు రాసే ఓపెన్ (సార్వత్రిక) పాఠశాల పద్ధతిలో పది, ఇంటర్ ఇంట్లోనే చదివి పూర్తిచేశారు. ఇప్పుడు అదే దారి పట్టాలనుకునే కుటుంబాలకు దరఖాస్తు నింపడం నుంచి ప్రయోగ పరీక్షల దాకా తోడుంటున్నాను. వచ్చినవాళ్లందరి భయం సర్టిఫికెట్ గురించే. అసలు కష్టం వేరేచోట ఉంది.

అపోహ: బడి మానిపిస్తే చట్టం ఒప్పుకోదు.

2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల కోసం చేసింది. పది చివరి రోజులు, ఇంటర్ ఆ వయసు దాటాకే వస్తాయి. కాబట్టి ఈ దశలో ఆ చట్టం పేరు చెప్పి ఎవరైనా భయపెడితే బెదిరిపోకండి.

అపోహ: ఓపెన్ ఇంటర్‌తో మంచి సీట్లు రావు.

ఎన్‌ఐఓఎస్ అని మనం పిలిచే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ 1989లో మొదలైంది. పదో తరగతికి కనీసం 14 ఏళ్లు, ఇంటర్‌కు 15 ఏళ్లు నిండాలి. మన రెండు రాష్ట్రాలకూ సొంత సార్వత్రిక విద్యాపీఠాలు ఉన్నాయి. అయిదు సబ్జెక్టులతో ఎన్‌ఐఓఎస్ ఇంటర్ పాసైనవారు జేఈఈ మెయిన్ రాయవచ్చు. నీట్ విషయంలో మాత్రం పోరాటం జరిగింది. 2018లో ఓపెన్ విద్యార్థులను నీట్‌కు అనర్హులన్నారు. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. 2024లో సుప్రీంకోర్టు ముందు కూడా వారి అర్హత నిలిచింది.

సీటు చేజారే ప్రమాదం స్థానికత దగ్గర ఉంది, దాని గురించి మాత్రం ఎవరూ అడగరు. మన దగ్గర లోకల్ కోటాకు అర్హత పరీక్షతో, అంటే ఇంటర్‌తో, ముగిసే నాలుగేళ్లు వరుసగా ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. బడిలో చదవని పిల్లల సంగతేమిటి? 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల్లోనే జవాబు ఉంది: ఆ కాలంలో ఏ విద్యాసంస్థలోనూ చదవకపోతే, పరీక్షకు ముందు నాలుగేళ్లు అక్కడ నివసించి ఉంటే చాలు. ఆ తర్వాత రాష్ట్రాలు నిబంధనలు మార్చుకుంటూ వస్తున్నాయి. అందుకే ఏ ఏటి కౌన్సెలింగ్ ప్రకటన ఆ ఏడు చదవాలి. బడి వదిలిన రోజే టీసీ తీసుకోండి. అద్దె ఒప్పందాలు, కరెంటు బిల్లులు ఏడాదివారీగా ఒక ఫైల్‌లో పెట్టండి. సీటు వేళకు తహసీల్దారు కార్యాలయంలో నివాస ధ్రువపత్రం కోసం పరుగులు పెట్టిన తల్లిని చూశాను. ఆమె దగ్గర పాపకు వచ్చిన పతకాలన్నీ ఉన్నాయి, పాత అద్దె కాగితం ఒక్కటే లేదు.

అపోహ: ఓపెన్ అంటే ఆరు నెలల్లో ముగించేయవచ్చు.

ఎన్‌ఐఓఎస్ నిబంధన ప్రకారం, పది పాసయ్యాక రెండేళ్ల వ్యవధి ఉంటేనే అయిదు సబ్జెక్టుల ఇంటర్ ధ్రువపత్రం చేతికి వస్తుంది. అసైన్‌మెంట్లు రాయాలి, సైన్స్ సబ్జెక్టులకు ప్రయోగాలు చేయాలి. వెసులుబాటు ఉన్నది వేరేచోట: నమోదు అయిదేళ్లు చెల్లుతుంది, తొమ్మిది అవకాశాలు ఉంటాయి, ఒక్కో సబ్జెక్టు విడిగా రాసుకోవచ్చు. మా అమ్మాయి గణితం ఒక విడత, మిగతావి మరో విడత రాసింది. తనను ఊపిరి పీల్చుకోనిచ్చింది ఆ విరామమే.

అపోహ: అన్ని సబ్జెక్టులూ తల్లిదండ్రులే చెప్పాలి.

నాకు రసాయనశాస్త్రం రాదు. అబ్బాయికి ప్రయోగాలు నేర్పించాలంటే ఇంట్లో కుదరదు, ఓపెన్ స్కూల్ కేటాయించే చదువు కేంద్రంలో దొరికే కొద్ది రోజులు సరిపోవు. తెలిసిన అధ్యాపకులొకరిని అడిగితే, డిగ్రీ కళాశాల ప్రయోగశాలలో శనివారం రెండు గంటలు చోటిచ్చారు. మొదటిసారి ఆక్జాలిక్ ఆమ్లంలో సల్ఫ్యూరిక్ ఆమ్లం కలపకుండా, సరిగా వేడి చేయకుండానే వాడు పొటాషియం పర్మాంగనేట్ నింపిన బ్యూరెట్ (కొలతలున్న గాజు గొట్టం) కుళాయి తిప్పాడు. ఫ్లాస్కులో లేత గులాబీ రావాల్సింది గోధుమరంగు మడ్డి తేలింది. "ఎందుకొచ్చిందో నువ్వే చెప్పాలి బాబూ" అని ఆయన కుర్చీలో కూర్చున్నారు. వాడు ఇరవై నిమిషాలు ఆలోచించి, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, వేడి చేసి మళ్లీ చేశాడు. పర్మాంగనేట్ ముదురు రంగు కాబట్టి బ్యూరెట్‌లో పై అంచు దగ్గరే కొలత చూడాలని ఆ రోజే తెలుసుకున్నాడు. పరీక్ష రోజు చెయ్యి వణకలేదు.

నేను చేసినదల్లా ఒక ఫోన్ చేసి, శనివారాలు బస్సెక్కించడమే. హైస్కూలు వయసులో మన పని పాఠం చెప్పడం కాదు, చెప్పేవాళ్లను వెతికిపెట్టడం. ఇది అర్థంకాని ఇళ్లలో తల్లి తెల్లవారుజామున భౌతికశాస్త్రం చదివి, పొద్దున బిడ్డకు చెప్పబోయి ఇద్దరూ ఏడుస్తారు.

అపోహ: ఇంట్లో ఉంటే స్నేహితులు ఉండరు.

ఇందులో కొంత నిజం ఉంది. కానీ కారణం మీరనుకునేది కాదు. మా అబ్బాయికి పదహారేళ్లు వచ్చేసరికి వీధిలో వాడి ఈడు పిల్లలు కనిపించడం మానేశారు. సగంమంది హాస్టళ్లలో, మిగతావాళ్లు రాత్రి దాకా స్టడీ అవర్లలో. వీడికి సాయంత్రాలు ఖాళీ, ఆడుకునేందుకు తోడు లేదు. బ్యాట్ పట్టుకుని గేటు దగ్గర నిలబడి వెనక్కి వచ్చిన రోజులు నాకు గుర్తున్నాయి. తర్వాత ఉదయం బ్యాడ్మింటన్‌లో చేర్చాం. అక్కడ దొరికిన స్నేహితులు బ్యాంకు ఉద్యోగి, డిగ్రీ కుర్రాడు, ఒక పోస్ట్‌మాన్. తన ఈడువాళ్ల కోసం మాత్రం వాడు హాస్టల్ ఔటింగ్ ఆదివారాల దాకా ఎదురుచూసేవాడు. ఆ రోజు మా ఇంట్లో పది మందికి వంట.