లెక్కలోకి రాని మోకాళ్ళు

పరకాల దగ్గరి పల్లెలో ఉండే మా మేనత్తకు డెబ్బై ఏళ్ళు దాటాయి. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. గడప దాటాలంటే గోడ పట్టుకోవాలి. వరంగల్ బస్సు ఎక్కాలంటే కింద నుంచి ఒకరు ఆసరా ఇవ్వాలి, పైనుంచి ఒకరు చెయ్యి అందించాలి. ఎడమ చెవి దాదాపు వినపడదు. అయినా "ఈ ఇంట్లో వికలాంగులు ఉన్నారా?" అని అడిగితే తడుముకోకుండా "లేరు బిడ్డా" అంటుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆ మాట పోలియో వచ్చిన వాళ్ళకు, పుట్టుకతో చూపు లేని వాళ్ళకు చెందినదని ఆమె నమ్మకం. తనకున్నది ముసలితనమే అనుకుంటుంది.

2011 జనగణనలో అడిగిన ప్రశ్న కూడా దాదాపు ఇలాంటిదే. ఈ వ్యక్తికి మానసిక లేదా శారీరక వైకల్యం ఉందా అని ముందు అడిగారు. ఉందంటేనే అది ఎనిమిది రకాల్లో ఏదో రాసుకున్నారు. అలా దేశంలో 2.68 కోట్ల మంది తేలారు, అంటే జనాభాలో 2.21 శాతం. నేటి తెలంగాణ జిల్లాల్లో ఆ సంఖ్య పది లక్షలు దాటింది, సుమారు 3 శాతం. 2018 జూలై నుంచి డిసెంబర్ వరకు జరిగిన జాతీయ నమూనా సర్వే కూడా దేశం మొత్తానికి 2.2 శాతమే చెప్పింది. అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 130 కోట్ల మందికి, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరికి, గుర్తించదగిన వైకల్యం ఉంది. మనకూ ప్రపంచానికీ మధ్య ఏడు రెట్ల తేడా! పోషకాహారం తక్కువగా, ప్రమాదాలు ఎక్కువగా ఉన్న దేశంలో వైకల్యం అంత తక్కువగా ఉండటం సాధ్యమేనా? 2007లో ప్రపంచ బ్యాంకు నివేదిక భారత్‌లో ఇది 4 నుంచి 8 శాతం మధ్య ఉండవచ్చని అంచనా వేసింది. తేడాలో ఎక్కువ భాగం ప్రశ్న వల్ల వచ్చిందే.

ఈ చిక్కును విప్పడానికే 2001లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఆధ్వర్యంలో 'వాషింగ్టన్ గ్రూప్' ఏర్పడింది. వాళ్ళు తయారుచేసిన ఆరు ప్రశ్నల్లో 'వైకల్యం' అనే మాటే ఉండదు. కళ్ళద్దాలు పెట్టుకున్నా చూడటం కష్టంగా ఉందా? వినికిడి యంత్రం పెట్టుకున్నా వినడం కష్టమా? నడవడం, మెట్లెక్కడం? గుర్తుపెట్టుకోవడం, మనసు నిలపడం? స్నానం చేయడం, బట్టలు కట్టుకోవడం? మీరు చెప్పేది ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పడం, వారు చెప్పేది అర్థం చేసుకోవడం? ప్రతిదానికీ నాలుగు జవాబులు: కష్టం లేదు, కొంత కష్టం, చాలా కష్టం, అసలు చేయలేను. ఒక్కదానికైనా 'చాలా కష్టం' లేదా 'చేయలేను' అంటే ఆ మనిషి లెక్కలోకి వస్తారు.

మొన్న ఊరికి వెళ్ళినప్పుడు ఈ ఆరూ మా అత్తను అడిగాను. నడక దగ్గరకు రాగానే "చాలా కష్టం బిడ్డా, అడగాలా?" అంది. ఒక్క ప్రశ్న మార్చేసరికి ఆమె లెక్కలోకి వచ్చింది.

ఈ ఆరు ప్రశ్నలకూ పరిమితి ఉంది. దిగులు, కుంగుబాటు లాంటివి వీటికి దొరకవు. బయటికి కనిపించని మేధో వైకల్యం కూడా చాలాసార్లు తప్పించుకుంటుంది. పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి 2024లో కోబే ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల టీ20 పరుగును 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. టీ20 మేధో వైకల్యం ఉన్నవారి విభాగం. కూలి చేసుకుని బతికిన తల్లిదండ్రుల బిడ్డ ఆమె. ఆమె పరుగు చూసినవారెవరూ వైకల్యాన్ని కళ్ళతో పట్టుకోలేరు.

పేదరికం వైకల్యాన్ని ఎలా తెస్తుందో మా వైపు వృత్తులే చెబుతాయి. గీత కార్మికుడు రోజూ మోకు కట్టుకుని అరవై డెబ్బై అడుగుల తాడి చెట్టు ఎక్కుతాడు. వర్షంలో మట్ట జారితే, మోకు తెగితే వెన్నుపూస విరుగుతుంది. లోపలి వెన్నుపాము నలిగితే నడుము కింద స్పర్శ పోతుంది, మూత్రం మీద అదుపు పోతుంది. ఆ తర్వాత మనిషిని రాత్రీ పగలూ కొన్ని గంటలకొకసారి పక్కకు తిప్పాలి, లేకపోతే ఒత్తిడి పడిన చోట రక్తం ఆగి పుండ్లు పడతాయి. తిప్పేది ఎవరు? భార్యే. అంటే ఆమె పత్తి ఏరడానికి వెళ్ళదు. ఇంట్లో ఒక కూలి కాదు, రెండు కూళ్ళు ఆగిపోయాయి. 2024లో తెలంగాణ ప్రభుత్వం 'కాటమయ్య రక్ష' పేరుతో గీత కార్మికులకు భద్రతా పరికరాలు ఇవ్వడం మొదలుపెట్టింది. నా దృష్టిలో అది ఏ పింఛను కంటే తక్కువ కాదు, ఎందుకంటే అది వెన్నుపాము తెగకముందే పనిచేస్తుంది. ఎనుమాముల మార్కెట్లో మిరప బస్తాలు మోసే హమాలీల నడుములు, షుగరు పుండును నెలల తరబడి పట్టించుకోలేక కాలు పోగొట్టుకున్న కూలీల కథ కూడా ఇదే దారిలోది. భారత్ 2014లో పోలియో రహిత దేశమైంది. అంతకుముందు పోలియో సోకిన పిల్లలే ఇప్పుడు ముప్పై, నలభై, యాభై ఏళ్ళ పెద్దలు.

వైకల్యం పేదరికాన్ని ఎలా తెస్తుంది అన్నది ఇంకా సూక్ష్మమైన విషయం. ఆర్థికవేత్త అమర్త్య సేన్ దీన్ని రెండుగా విడదీశాడు. మొదటిది సంపాదనలో దెబ్బ, ఇది అందరికీ కనిపిస్తుంది. రెండోది, ఉన్న డబ్బును బతుకుగా మార్చుకోవడంలో దెబ్బ. ములుగు వైపు ఊరి నుంచి ఇద్దరు మనుషులు వరంగల్ ఆసుపత్రికి వస్తున్నారనుకోండి. ఇద్దరికీ రోజు కూలి ఒకటే. నడవగలిగిన మనిషి బస్సులో వచ్చి వెళ్తాడు. నడవలేని మనిషికి ఇంటి నుంచి బస్టాండుకు ఆటో, దిగాక మళ్ళీ ఆటో, తోడొచ్చిన వాళ్ళకు ఒక రోజు కూలి నష్టం. పని ఒక్కటే, ఖర్చు ఎన్నో రెట్లు. అయినా ప్రభుత్వ లెక్కలో ఇద్దరి ఆదాయమూ సమానం. వీబ్కే కుక్లిస్ అనే పరిశోధకురాలు బ్రిటన్ గణాంకాలతో ఈ దాగిన ఖర్చును లెక్కగట్టింది. అక్కడ మొత్తం జనాభాలో 17.9 శాతం మంది పేదరిక రేఖ కింది కుటుంబాల్లో ఉన్నారు. వైకల్యం ఉన్నవారున్న కుటుంబాల్లో అది 23.1 శాతం. అదనపు ఖర్చును కూడా కలిపి చూస్తే అదే 47.4 శాతానికి పెరిగింది. ఆసుపత్రులు, ర్యాంపులు మనకంటే మెరుగ్గా ఉన్న దేశంలో ఇంత తేడా వచ్చింది.

తెలంగాణలో 2023 జూలై నుంచి వికలాంగుల పింఛను నెలకు 4,016 రూపాయలు. 2014 నవంబరులో 'ఆసరా' పింఛన్ల పథకం మొదలైనప్పుడు అది 1,500. ఆ పెరుగుదల వెనుక వికలాంగుల హక్కుల పోరాట సమితి లాంటి సంఘాల ధర్నాలు ఉన్నాయి. కానీ పింఛను అందాలంటే సదరం శిబిరానికి వెళ్ళి, సాధారణంగా కనీసం 40 శాతం వైకల్యం ఉందని డాక్టర్లు తేల్చిన సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. 2018 సర్వేలో వైకల్యం ఉన్నవారని తేలినవారిలోనే దేశవ్యాప్తంగా సర్టిఫికెట్ ఉన్నది 28.8 శాతం మందికి. శాతాన్ని కొలిచేది శరీరం మీద. ఆటో కిరాయి, తోడు మనిషి కూలి ఆ సర్టిఫికెట్‌లో ఎక్కడా ఉండవు. పదిహేనేళ్ళు దాటిన వికలాంగుల్లో పని చేస్తున్నవారు, పని వెతుకుతున్నవారు కలిపి 23.8 శాతమేనని అదే సర్వే చెప్పింది. అదే వయసు జనాభా మొత్తంలో ఆ కాలంలో సుమారు సగం మంది శ్రామికులే.

మరి మనసు సంగతి? వైకల్యం ఉన్నవారి బతుకు దుఃఖమయమని బయటివాళ్ళు తేలికగా అనేస్తారు. అడిగి చూసిన పరిశోధనలు అలా చెప్పలేదు. 1999లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, గణనీయమైన వైకల్యం ఉన్నవారిలో సగానికి మించి తమ జీవితం బాగుందని లేదా చాలా బాగుందని చెప్పారు. మనిషి కొత్త శరీరానికి అలవాటు పడతాడు, కొత్త పనులు వెతుక్కుంటాడు, ఆత్మీయుల మధ్య తన చోటు మళ్ళీ సంపాదించుకుంటాడు. అయితే ఆ అలవాటుకు వీలు అందరికీ ఒకేలా దొరకదు. 2005లో డిలన్ స్మిత్, అతని సహచరులు అమెరికా వృద్ధుల్లో కొత్తగా వైకల్యం వచ్చినవారిని, అది రాకముందూ వచ్చాకా పోల్చి చూశారు. మధ్యస్థ స్థాయికి పైన ఆస్తి ఉన్నవారిలో మానసిక సంతృప్తి చాలా తక్కువగా పడింది. కింది సగంలో అది బాగా కుంగింది. కాలు పోయిన బాధ ఇద్దరికీ ఉంది. ఆస్తి లేనివారికి దానితోపాటు రేపటి బియ్యం, పాత అప్పు, పిల్ల చదువు కూడా ముందుకొచ్చి నిలబడ్డాయి.

మా వైపు గీత కార్మికుడి ఇంటికి ఇది అక్షరాలా వర్తిస్తుందని నా నమ్మకం. అతడు మంచం మీద కూర్చుని ఊరి యువకులకు ఫోన్లు బాగుచేసి ఇవ్వగలడు, పిల్లలకు లెక్కలు చెప్పగలడు. అందుకు ముందు ఒక చక్రాల కుర్చీ కావాలి, గడప దగ్గర వాలుగా పోసిన సిమెంటు కావాలి, అతన్ని పక్కకు తిప్పే భార్యకు ఆ పనికి ఏదో ఒక భృతి కావాలి. పింఛను లెక్కలో ఈ మూడూ లేవు.

తర్వాతి జనగణన 2027లో జరగబోతోంది. ఎన్యూమరేటరు మా అత్త ఇంటికి వచ్చినప్పుడు ఆమె అరుగు మీదే ఉంటుంది, లేవదు, కూర్చునే జవాబు చెబుతుంది. ఆమెను ఏమని అడుగుతారో చూడాలి.