ఆర్టీసీ విలీనం: పేచీ మొదలైంది 1958లో

తెలంగాణ ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో విలీనం చేయాలన్న మాట మళ్లీ రాజుకుంది. నిజాం రైల్వే కింద 1932లో 27 బస్సులతో మొదలైన సంగతి ప్రతి సమ్మెకీ చదువుతున్నదే, వదిలేద్దాం. ఇప్పటి గొడవకు పనికొచ్చే ముక్క ఆ తర్వాతది. 1951లో ఆ బస్సులు హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికొచ్చాయి. అంటే కొన్నేళ్లపాటు డ్రైవరూ కండక్టరూ సర్కారు శాఖ మనుషులే. 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడటంతో కార్పొరేషన్ ఉద్యోగులయ్యారు. ఇప్పుడు విలీనం అంటున్నది ఒకరకంగా ఆ పాత చోటికి పోవడమే.

కార్పొరేషన్‌కు ఆధారం 1950 నాటి కేంద్ర చట్టం. సంస్థ వ్యాపార సూత్రాల మీద నడవాలని అందులో 22వ సెక్షన్ చెబుతుంది. నియామకాలు, జీతాల దగ్గర్నుంచి లాభాలను ఏం చేయాలన్నదాకా రాష్ట్ర ప్రభుత్వం ఆదేశాలివ్వొచ్చని 34వ సెక్షన్ చెబుతుంది. ఛార్జీలు పెంచాలన్నా సర్కారు సరేననాలి. నష్టాలొస్తే 22 గుర్తొస్తుంది, ఎన్నికలొస్తే 34. తర్వాత జరిగిందంతా ఈ రెండింటి మధ్యే.

2019 అక్టోబర్ 5న విలీనం సహా పలు డిమాండ్లతో కార్మికులు సమ్మెకు దిగినప్పుడు, సంస్థ వేరు, మేం వేరు అన్నది అప్పటి ప్రభుత్వం. 5,100 రూట్లు ప్రైవేటుకిస్తామని కేబినెట్‌లో తేల్చిందీ అదే ప్రభుత్వం. వేరైన సంస్థ రూట్ల మీద ఆ పెత్తనమేంటో! జీతాల్లేకుండా 52 రోజులు నెట్టుకొచ్చి, విలీనం ఊసు లేకుండానే కార్మికులు సమ్మె విరమించారు. 2020 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ తన ఉద్యోగులను ప్రభుత్వంలోకి తీసుకుంది, కార్పొరేషన్‌ను మాత్రం అలాగే ఉంచింది. భారం మోయలేమన్న తెలంగాణ సర్కారే 2023 ఆగస్టులో, ఎన్నికలు నాలుగు నెలలుండగా, 43,373 మంది కోసం విలీనం బిల్లు పాస్ చేసింది. గవర్నర్ ఆమోదమూ దొరికింది. చిక్కంతా అమలు తేదీ ప్రకటించడం దగ్గరే.

ఈలోగా 2023 డిసెంబర్ 9న మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఆధార్ చూసి కండక్టర్ మెషిన్ మీద జీరో టికెట్ కొడతాడు. ఆ ఛార్జీ సంస్థకు రావాల్సింది సర్కారు నుంచే, ప్రయాణికుల నుంచి కాదు. సగం ఆదాయం ఖజానా వైపు చూస్తున్నప్పుడు వ్యాపార సూత్రాల మాట ఎవరికి చెప్పాలి?

కొత్త ఎలక్ట్రిక్ బస్సుల పద్ధతి ఇంకోలా ఉంది. బస్సు ప్రైవేటు కంపెనీది, డ్రైవరూ వాళ్ల మనిషే, ఆర్టీసీ కిలోమీటర్‌కింత అని కడుతుంది. కండక్టర్ మాత్రం సంస్థ ఉద్యోగి. రేపు విలీనం జరిగితే అదే బస్సులో కండక్టర్ ప్రభుత్వోద్యోగి అవుతాడు. స్టీరింగ్ పట్టినవాడికి ఆ 2023 విలీనం చట్టంలో చోటు లేదు.