పక్కన రాసుకున్న పెన్సిలు మాట

మైలాపూరు, చెన్నై

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్ళో ఇంగ్లీషు. చెన్నైలో పెరిగే మీకు మూడు భాషలూ రోజూ నోట్లో ఆడుతూనే ఉంటాయి. అయినా ప్లస్ వన్‌కి, అంటే పదకొండో తరగతికి వచ్చాక ఇంగ్లీషు పేపర్లో పెద్ద మాట తగిలితే చాలామంది చేసే పని ఒకటే. పక్కన పెన్సిలుతో ఒక తెలుగు మాట రాసుకుని ముందుకు సాగిపోతారు. ఆ పెన్సిలు మాట గురించే ఈ ఉత్తరం.

రెటిసెంట్ అనే మాట తీసుకోండి. దీని పక్కన 'ఇష్టపడని' అని రాసుకుంటారు. రిలక్టెంట్ పక్కనా అదే రాసుకుంటారు. వారం తిరిగేసరికి రెండూ కలగలిసిపోయి, పరీక్షలో 'హి వాజ్ రెటిసెంట్ టు గెట్ అప్ ఎర్లీ' అని పడుతుంది. పొద్దున్నే లేవడానికి మనసొప్పనివాడు రిలక్టెంట్. రెటిసెంట్ అయినవాడి సంగతి వేరు. మనసులో ఉన్నదీ తనకు తెలిసిందీ పైకి చెప్పడు. గుంభనంగా ఉన్నాడంటామే, అదీ. తక్కువ మాట్లాడడమే స్వభావమైతే మితభాషి అంటాం, ఇంగ్లీషులో అది టాసిటర్న్. రెటిసెంట్, టాసిటర్న్ రెండింటికీ మూలం 'మౌనంగా ఉండు' అనే అర్థమున్న లాటిన్ మాట టాకెరే. పైకి అనుకోకుండానే ఇద్దరికీ తెలిసిన ఒప్పందాన్ని టాసిట్ అనడమూ అక్కడినుంచి వచ్చిందే.

అందుకని ప్రతి మాటకూ ఒక కార్డు రాయండి. పోస్టుకార్డులో సగమంత అట్టముక్క చాలు. ముందువైపు మాట ఒక్కటే ఉండాలి. పలికేటప్పుడు ఊత, అంటే స్ట్రెస్, ఎక్కడ పడుతుందో దాని కింద గీత గీయండి. రెటిసెంట్‌లో ఊత 'రె' మీద, మెటిక్యులస్‌లో 'టి' మీద. వెనకవైపు మొదట ఇంగ్లీషులోనే నిర్వచనం, పన్నెండు మాటలు దాటకుండా: 'అన్‌విల్లింగ్ టు టెల్ అదర్స్ వాట్ యు థింక్ ఆర్ నో'. దాని కింద ఆ మాట వెంట ఏది వస్తుందో రాయండి. రెటిసెంట్ వెంట ఎబౌట్ వస్తుంది. రిలక్టెంట్ వెంట టు, ఆపైన క్రియ. తర్వాత నిఘంటువు ఇచ్చిన ఉదాహరణ ఒకటి, మీరు కట్టిన వాక్యం ఒకటి. తెలుగు మాట అన్నిటికన్నా చివర, ఓ మూలన, అదీ సరిగ్గా అతికితేనే.

మీరు కట్టే వాక్యంలోనే అసలు పనంతా ఉంది. 'మై అంకుల్ ఈజ్ రెటిసెంట్' అని రాశారనుకోండి. ఆ చివరి మాట చేత్తో మూసి చూడండి. ఖాళీలో టాల్ పడుతుంది, రిచ్ పడుతుంది, యాంగ్రీ కూడా పడుతుంది. ఏ మాటైనా పట్టే వాక్యం ఏ మాటనీ గుర్తుంచదు. ఇప్పుడిలా రాయండి: 'మై అంకుల్ టాక్స్ ఆల్ డే ఎబౌట్ క్రికెట్, బట్ హి ఈజ్ రెటిసెంట్ ఎబౌట్ హిజ్ శాలరీ'. టాల్, రిచ్ ఇక్కడ పొసగవు. టాసిటర్న్ కూడా పోయింది, రోజంతా క్రికెట్ మాట్లాడేవాడు మితభాషి కాడు గదా! మధ్యలో బట్, బికాజ్, సో లాంటిది పెట్టి రెండు ముక్కలు కలిపితే వాక్యానికి ఈ బిగువు తేలిగ్గా వస్తుంది. ఖాళీ వదిలి చెల్లెలికో స్నేహితుడికో చూపించండి. వాళ్ళు వేరే మాట పెట్టగలిగితే వాక్యం మళ్ళీ కట్టాల్సిందే.

నిఘంటువు ఏది వాడాలో కూడా చెప్పాలి. 1852లో ఈ మద్రాసులోనే అచ్చయిన బ్రౌన్ నిఘంటువు తెలుగు మాటలకు ఇప్పటికీ పెద్ద దిక్కు. మీ పనికి కావలసింది మాత్రం నేర్చుకునేవాళ్ళ కోసమే రాసిన ఇంగ్లీషు నిఘంటువు. జపానులో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ఏ.ఎస్. హార్న్‌బీ అక్కడి విద్యార్థుల ఇబ్బందులు చూసి చేసింది 1942లో టోక్యోలో వెలువడింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు దాన్ని వేశారు. ఇవాళ మీరు కొట్లో అడిగే అడ్వాన్స్‌డ్ లర్నర్స్ డిక్షనరీ దాని సంతతే. 1978లో లాంగ్‌మన్ వాళ్ళు ఇంకో అడుగు వేసి, నిర్వచనాలను సుమారు 2000 తేలిక మాటలతోనే రాశారు. ఒక మాట వెతకబోయి ఇంకో మూడు వెతుక్కునే బాధ దాంతో తగ్గింది. కొనలేకపోతే ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీ ఉంది, వెళ్ళి అడగండి.

ఈ నిఘంటువుల్లో మాట పక్కన సి, యు అనే చిన్న గుర్తులుంటాయి. సి అంటే లెక్కపెట్టగలిగేది, యు అంటే లెక్కకు రానిది. తెలుగువాళ్ళం ఎక్కువగా జారిపడేది ఇక్కడే. మనకు సలహాలు, సాక్ష్యాలు, సమాచారాలు అన్నీ ఉన్నాయి కాబట్టి అడ్వైసెస్, ఎవిడెన్సెస్, ఇన్ఫర్మేషన్స్ అని రాసేస్తాం. మూడింటికీ యు గుర్తే ఉంటుంది. ఆ గుర్తును కార్డు మీదికి తప్పకుండా ఎక్కించండి.

కొన్ని మాటల విషయంలో తెలుగు ఎంతో సాయం చేస్తుంది. ఇనండేట్ అంటే ముంచెత్తడం. వేళచ్చేరి రోడ్లను వాన నీళ్ళు ముంచెత్తుతాయి, ఆఫీసును జనం ఫిర్యాదులతో ముంచెత్తుతారు. ఇంగ్లీషులోనూ ఈ రెండు వాడుకలూ ఉన్నాయి, 'ఇనండేటెడ్ విత్ కంప్లెయింట్స్' అంటారు. ఇలాంటి చోట తెలుగు మాట ధైర్యంగా రాసుకోండి. డిసింటరెస్టెడ్ దగ్గర మాత్రం 'ఆసక్తి లేని' అని రాస్తే మునిగిపోతారు. చేపాక్‌లో మ్యాచ్ జరిగేటప్పుడు అంపైర్ డిసింటరెస్టెడ్‌గానే ఉండాలి, అంటే ఎవరు గెలిచినా తనకు ఒరిగేదేమీ లేనివాడు. ఆసక్తి లేనివాడు అనింటరెస్టెడ్, అలాంటి అంపైర్ బంతినే చూడడు. ఇలాంటి జంట మాటలను ఒకే రోజు నేర్చుకోవద్దు, కలిసిపోతాయి. ఒకటి గట్టిపడ్డాక, కనీసం వారం ఆగి, రెండోది మొదలుపెట్టండి.

రోజుకు మూడు మాటలు చాలు, ఆదివారం సెలవు. వారానికి పద్దెనిమిది, ఏడాదికి తొమ్మిది వందల పైచిలుకు. కార్డులకు ఒక చెప్పుల పెట్టె తీసుకుని అయిదు అరలు చేయండి. 1970లలో జర్మనీలో సెబాస్టియన్ లైట్నర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. మొదటి అర రోజూ చూడాలి, రెండోది మూడు రోజులకోసారి, తర్వాతవి వారానికి, రెండు వారాలకు, నెలకు. చెప్పగలిగిన కార్డు ముందు అరకు వెళుతుంది, తప్పింది ఎక్కడున్నా మొదటి అరకే తిరిగి వస్తుంది. చెప్పగలగడమంటే మాట చూసి 'ఆ, ఇది తెలుసులే' అనుకోవడం కాదు. కార్డు తిప్పకముందే నిర్వచనం పైకి చెప్పాలి, అప్పటికప్పుడు కొత్త వాక్యం కట్టాలి. కట్టలేకపోతే మొహమాటపడకుండా మొదటి అరలో వేసేయండి.

ఈ వారం రాసిన కార్డుల్లో మీకు అనుమానమున్న వాక్యాలను, మాట ఉన్న చోట ఖాళీ వదిలి నాకు పంపండి. ఏ మాట పడుతుందో రాసి తిప్పి పంపుతాను.

మీ తాతయ్య