ఇంటర్నెట్ కళ, ఆన్‌లైన్ పరిశోధన పత్రికలు: అపోహలు - వాస్తవాలు

ఇంటర్నెట్ కళపై వచ్చే పరిశోధన వ్యాసాలను ఒక ఆన్‌లైన్ పత్రిక కోసం పరిష్కరించడం నా పని. రచయితల నుంచీ పాఠకుల నుంచీ పదే పదే వినే మాటలకు ఇక్కడ జవాబు చెబుతున్నాను.

అపోహ: నెట్‌లో కనిపించే బొమ్మలన్నీ ఇంటర్నెట్ కళే.

వాస్తవం: కావు. కాన్వాసు మీది చిత్రాన్ని ఫొటో తీసి వెబ్‌సైటులో పెడితే అది ప్రదర్శన మాత్రమే. బ్రౌజరు, లింకు, చూసేవారి క్లిక్కు లేనిదే నిలవని రచన ఇంటర్నెట్ కళ.

అపోహ: వ్యాసంలో స్క్రీన్‌షాట్ వేస్తే సరిపోతుంది.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధించే అపోహ ఇదే. జోడి అనే కళాకారుల జంట 1995లో చేసిన పేజీని తెరిస్తే నల్లని తెర మీద ఆకుపచ్చ గీతలు, చుక్కలు, అంకెలు చిందరవందరగా కనిపిస్తాయి. పేజీ పాడైందేమో అనుకుంటాం. దాని సోర్స్ కోడ్, అంటే పేజీ వెనుక ఉన్న రాత, తెరవండి. అవే గీతలు, చుక్కలు వరుసల్లో కుదురుకుని హైడ్రోజన్ బాంబు నమూనాగా కనిపిస్తాయి! కోడ్‌లోని ఖాళీలనూ వరుసల విరుపులనూ బ్రౌజరు పట్టించుకోదు కాబట్టి పైకి ఆ బొమ్మ చెదిరిపోతుంది. ఈ రెండు రూపాలనూ పక్కపక్కన చూసినప్పుడే రచన అర్థమవుతుంది.

కళాకారిణి ఓలియా లియాలినా 1996లో చేసిన రచన మరో రకం. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ప్రియుడితో జరిగే సంభాషణ అది. క్లిక్ చేసేకొద్దీ బ్రౌజరు కిటికీ చిన్న చిన్న గడులుగా చీలుతుంది. ఆనాటి మోడెములపై బొమ్మలు మెల్లగా వచ్చేవి. నేటి వేగంలో ఆ ఎదురుచూపు లేదు. అందుకే రచనను ఎప్పుడు, ఏ బ్రౌజరులో చూశారో రాయమని ప్రతి వ్యాసకర్తనూ అడుగుతాను.

అపోహ: నెట్‌లోకి ఎక్కినది ఎప్పటికీ ఉంటుంది.

వాస్తవం: వెబ్ పేజీల్లో కదిలే బొమ్మలను నడిపించిన ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌కు మద్దతు 2020 డిసెంబరు 31తో ఆగిపోగానే దానిపై ఆధారపడిన ఎన్నో రచనలు మూగబోయాయి. పాత సాఫ్ట్‌వేర్‌ను అనుకరించే ఎమ్యులేటర్లతో వాటిలో కొన్నింటినే తిరిగి చూడగలుగుతున్నాం. కళాకారుడు డగ్లస్ డేవిస్ 1994లో ఒక సామూహిక వాక్యం మొదలుపెట్టారు. ఎవరైనా దానికి మాటలు చేర్చవచ్చు, పూర్ణవిరామం మాత్రం పెట్టకూడదు. కాలక్రమంలో అదీ పనిచేయడం మానేసింది. 2013లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం దాన్ని రెండు రూపాల్లో నిలబెట్టింది: తెగిన లింకులతో సహా పాతది, కొత్త మాటలు చేర్చుకునేలా మరొకటి. పాతదాన్ని తుడిచేయకుండా ఉంచడం ఎంతో నిజాయితీ గల నిర్ణయం.

అపోహ: ఆన్‌లైన్ పత్రికల్లో నిపుణుల సమీక్ష ఉండదు.

వాస్తవం: సమీక్షకూ కాగితానికీ సంబంధం లేదు. ‘ఫస్ట్ మండే’ అనే పత్రిక 1996 నుంచీ సమీక్షించిన వ్యాసాలను ఇంటర్నెట్‌లోనే ప్రచురిస్తోంది.

అపోహ: డీఓఐ సంఖ్య (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటే లింకు తెగిపోదు.

వాస్తవం: వ్యాసం వేరే సర్వరుకు మారినప్పుడు, ఆ సంఖ్య కింద నమోదైన చిరునామాను ప్రచురణకర్తే సరిదిద్దాలి. మరచిపోతే సంఖ్య ఉన్నా వ్యాసం దొరకదు. ఇక వ్యాసంలో చర్చించిన కళాఖండానికి చాలాసార్లు ఆ సంఖ్యే ఉండదు. అందుకే కళాకారుల అనుమతితో ఆ వెబ్ పేజీలను రికార్డు చేసి, ఫైలును వ్యాసంతో పాటు భద్రపరుస్తాను. ప్రతి లింకునూ చేత్తో నొక్కుతూ వెళ్లాలి. నొక్కకుండా వదిలేసిన లింకు వెనుక ఉన్న పేజీ ఆ ఫైలులో ఉండదు.