ఒక్క మెతుకు చాలదు: అన్నం వంటపై అపోహలు - వాస్తవాలు

పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ వండటం నా వృత్తి. కొత్తగా కాపురం పెట్టినవాళ్ళు, హాస్టల్ వదిలి సొంతంగా వండుకుంటున్న పిల్లలు నన్ను పనసపొట్టు కూర గురించో బొబ్బట్ల గురించో అడుగుతారనుకుంటాను. వాళ్ళు అడిగేది ఒకటే: "బాబాయ్ గారూ, మా ఇంట్లో అన్నం రోజుకోలా వస్తోంది, ఎందుకని?" ఎలా వండుతున్నారో చెప్పమంటే ఎవరో ఎప్పుడో చెప్పిన లెక్కలు వినిపిస్తారు. ఆ లెక్కల్లో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో చెబుతాను.

అపోహ: ఏ బియ్యానికైనా ఒకటికి రెండు నీళ్ళు.

వాస్తవం: బియ్యం తాగే నీళ్ళు వేరు, ఆవిరైపోయే నీళ్ళు వేరు. తాగే నీళ్ళు బియ్యం కొలతను బట్టి పెరుగుతాయి. ఆవిరయ్యేవి మాత్రం గిన్నె వెడల్పు మీద, మూత బిగువు మీద, మంట మీద ఆధారపడతాయి. బియ్యం రెట్టింపు చేసినంత మాత్రాన ఆవిరి రెట్టింపు కాదు. అందుకే గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళతో చక్కగా కుదిరిన అన్నం, చుట్టాలొచ్చిన రోజు నాలుగు గ్లాసులకు ఎనిమిది పోస్తే ముద్దవుతుంది. మూత పెట్టి, గంజి వార్చకుండా అత్తెసరు వండేటప్పుడు నేను ఒకటికి రెండు, రెండుకు మూడున్నర, నాలుగుకు ఆరున్నర పోస్తాను. మెత్తన కావాలనుకునేవారు మరో అరగ్లాసు కలుపుకోవచ్చు.

అంతకన్నా ముందు తెలుసుకోవాల్సింది బియ్యం వయసు. దుకాణంలో సోనా మసూరి, కర్నూలు సోనా అనే పేర్లతో కొనే సన్నబియ్యంలో చాలాభాగం 1986లో బాపట్ల వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి విడుదలైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204. రకం అదే అయినా, సంక్రాంతికి వచ్చిన కొత్త బియ్యం ఒకలా, ఏడాది నిలవున్న బియ్యం మరోలా ఉడుకుతుంది. నిలవున్నకొద్దీ గింజ లోపలి మాంసకృత్తులు, కణాల గోడలు గట్టిపడతాయి. అప్పుడు పిండిపదార్థం బయటికి తక్కువగా కారుతుంది, గింజ ఎక్కువ నీళ్ళు తాగి పొడవుగా సాగుతుంది. పాత బియ్యం ఎదుగుతుందని మన పెద్దవాళ్ళు అనేది దీన్నే. కొత్త బియ్యానికి గ్లాసుకు కనీసం పావు గ్లాసు నీళ్ళు తగ్గించాలి. అలాగని కొత్త బియ్యాన్ని చులకన చెయ్యొద్దు, పరమాన్నానికీ పొంగలికీ దానికి మించింది లేదు.

ఇది నాకు ఒక మాఘమాసం పెళ్ళిలో బాగా తెలిసొచ్చింది. సంచుల మీద పాత బియ్యం అని రాసి ఉంది, నేనూ నమ్మి పొయ్యి మీదికి గుండిగ, అంటే పెద్ద వంటపాత్ర, ఎక్కించాను. ఎప్పటి లెక్కనే వార్చబోతే అప్పటికే మెతుకులు చిదికిపోయి ఉన్నాయి. ఆ గుండిగను దద్ధోజనానికి మళ్ళించి, రెండో పొయ్యి మీద మళ్ళీ ఎసరు పెట్టించాను. మొదటి బంతి అరగంట ఆగాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి ఎవరింటికి వెళ్ళినా, ఎంత పేరున్న బియ్యమైనా, ముందు గుప్పెడు వండి చూడనిదే పెద్ద పొయ్యి వెలిగించను. మీరూ కొత్త బస్తా విప్పిన రోజు అలాగే చెయ్యండి. ఒక్క పూట చూసుకుంటే నెలంతా నిశ్చింత.

అపోహ: వేలి గణుపు లెక్క చాదస్తం, గ్లాసు కొలతే శాస్త్రీయం.

వాస్తవం: బియ్యం పైన ఒక గణుపు లోతు నీళ్ళుంచడం అంటే, ఆవిరికి పోయే భాగాన్ని ఎప్పుడూ ఒకే మోతాదులో ఉంచడమే. పైన చెప్పిన కారణం వల్లే రోజూ వాడే గిన్నెలో అది కుదురుతుంది. గిన్నె మార్చి వెడల్పాటి తపేలా పెడితే తప్పుతుంది, అంతే. మా అమ్మ గ్లాసు ఏనాడూ ముట్టలేదు, గిన్నె కూడా ఏనాడూ మార్చలేదు.

విదేశాల్లో ఉన్నవాళ్ళకు ఇక్కడే ఇంకో చిక్కుంది. ఎలక్ట్రిక్ కుక్కర్‌తో వచ్చే కప్పు సాధారణంగా 180 మిల్లీలీటర్లది. అమెరికా వంటింటి కప్పు దాదాపు 240. బియ్యం అమెరికా కప్పుతో కొలిచి, నీళ్ళు కుక్కర్ గిన్నె లోపలి గీతల ప్రకారం పోస్తే అన్నం పలుకుగా మిగులుతుంది. కుక్కర్ పాడైందనుకుని మార్చినవాళ్ళు కూడా నాకు తెలుసు.

అపోహ: అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు.

వాస్తవం: మనుషుల గుణం గురించి ఆ సామెత ఎంత నిజమో నాకు తెలియదు గానీ, అన్నం విషయంలో నేను ఒప్పుకోను. అడుగున మంట తగులుతుంది, నడిమధ్య ఆలస్యంగా ఉడుకుతుంది, పైన ఆవిరి మాత్రమే తగులుతుంది. కనీసం మూడు చోట్ల మెతుకు తీసి వేళ్ళ మధ్య నలపాలి. మధ్యలో సన్నటి తెల్లని చుక్కలా పలుకు కనిపిస్తే వార్చి అన్నం వండేవారు అప్పుడే దించి గంజి వార్చాలి. ఆ కొద్దిపాటి పలుకు మూత కింద ఉమ్మగిల్లేటప్పుడు పోతుంది. పూర్తిగా మెత్తబడేదాకా ఆగి వారిస్తే, వడ్డించేసరికి ముద్దే.

అపోహ: మూడు విజిల్స్ వస్తే అన్నం అయిపోయినట్టే.

వాస్తవం: విజిల్ గడియారం కాదు. మంట పెద్దదైతే మూడు విజిల్స్ నాలుగు నిమిషాల్లో వచ్చేస్తాయి, చిన్నదైతే పదిహేను నిమిషాలు పడుతుంది. కుక్కర్‌లో వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టి రెండు మూడు నిమిషాల తేడా కూడా అన్నంలో కనిపిస్తుంది. మొదటి విజిల్ రాగానే మంట బాగా తగ్గించి, ఐదారు నిమిషాలుంచి కట్టేయండి. తర్వాత ఆవిరి దానంతట అది దిగాలి. గరిటెతో వెయిట్ లేపి ఆవిరి వదిలేస్తే లోపలి నీళ్ళు ఒక్కసారిగా ఎగసి మరుగుతాయి, మెతుకులు పగులుతాయి.

ఎలక్ట్రిక్ కుక్కర్‌దీ ఇదే దారి. గిన్నెలో నీళ్ళు ఇంకిపోయి అడుగున వేడి 100 డిగ్రీలు దాటగానే మీట పైకి లేస్తుంది. నీళ్ళు అయిపోయాయని మాత్రమే దానికి తెలుసు. ఇంకో పది నిమిషాలు మూత తియ్యకుండా ఉమ్మగిల్లనివ్వండి. నన్నడిగితే, ఇంటి అన్నంలో సగం లోపాలు ఈ పది నిమిషాలు ఆగకపోవడం వల్ల వచ్చేవే.

అపోహ: బియ్యం నానబెడితే ముద్దవుతుంది.

వాస్తవం: నానిన నీళ్ళు వంపేసి, ఎసరు కాస్త తగ్గిస్తే కాదు. అరగంట నానితే లోపలా బయటా ఒకేలా ఉడుకుతుంది.

అపోహ: నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి, చెంచా నూనె వేస్తే మెతుకు మెతుకు విడుతుంది.

వాస్తవం: రెండు మూడుసార్లు కడిగితే దుమ్ము, తవుడు, పైపిండి పోతాయి. ఇంకా రుద్దితే నూకలవుతాయి, బి విటమిన్లూ కడుగునీళ్ళతో పోతాయి. నూనె పొంగును తగ్గిస్తుంది. ముద్దయ్యే అన్నాన్ని అది నిలబెట్టలేదు. బోరు నీళ్ళతో అన్నం పసుపచ్చగా కనిపిస్తే మాత్రం నాలుగు చుక్కల నిమ్మరసం పనిచేస్తుంది, నీళ్ళలోని క్షారగుణాన్ని అది అణుస్తుంది.

అపోహ: గంజి వారిస్తే అన్నంలో చక్కెర పోతుంది, షుగర్ ఉన్నవాళ్ళు కడుపునిండా తినొచ్చు.

వాస్తవం: ఈ మాట నన్ను నిజంగా కలవరపెడుతుంది. గంజిలోకి దిగేది పిండిపదార్థంలో కొద్ది భాగమే, మిగతాదంతా మెతుకులోనే ఉంటుంది. పోయేవి నీళ్ళలో కరిగే విటమిన్లు. షుగర్ ఉన్నవాళ్ళకు పళ్ళెంలో అన్నం ఎంత, పక్కన కూరా పప్పూ ఎంత అన్నదే లెక్క. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన తెలంగాణ సోనా (ఆర్‌ఎన్‌ఆర్ 15048) లాంటి రకాలు రక్తంలో చక్కెరను కాస్త నిదానంగా పెంచుతాయని చెబుతారు. అదైనా కొలిచి తినాల్సిందే. వార్చిన గంజిని పారబోయకుండా ఉప్పూ మజ్జిగా కలిపి తాగితే పోయిన విటమిన్లలో కొన్నైనా దక్కుతాయి.

అపోహ: రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుస్తున్నాయి.

వాస్తవం: 2017 జూన్‌లో హైదరాబాద్‌లో ఈ పుకారు గట్టిగా లేచింది, పరీక్షిస్తే మామూలు బియ్యమే అని తేలింది. అన్నం ముద్దను బంతిలా నేలకు కొడితే ఎగరడం పిండిపదార్థం గుణం. ఆ తర్వాతి ఏళ్ళలో రేషన్ సంచిలో తేడాగా కనిపించిన గింజలు పోషకాలు చేర్చినవి. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలుగా అచ్చు వేసి, వంద కిలోల బియ్యానికి కిలో చొప్పున కలిపారు. ప్లాస్టిక్ అయితే నీళ్ళు తాగదు, ఉబ్బదు. వాటిని ఏరి పారేస్తే ఆ ఇంటి పిల్లలకే నష్టం.

అపోహ: మిగిలిన అన్నాన్ని బాగా వేడి చేస్తే ఏ దోషమూ ఉండదు.

వాస్తవం: బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు మరుగుతున్న ఎసరులోనూ చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలిచి విషాన్ని వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. పళ్ళెంలో పల్చగా పరిచి చల్లార్చి, గంట రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాటికి తినెయ్యండి. మరి చద్దన్నం అంటారా? అన్నం చల్లారగానే నీళ్ళూ మజ్జిగా పోసేవాళ్ళు మన పెద్దలు. పులుపు ఎక్కేకొద్దీ ఆ సూక్ష్మజీవి పెరగడం కష్టమవుతుంది. మూతపెట్టి గిన్నెలో వదిలేసిన అన్నం చద్దన్నం కాదు.

పెళ్ళిళ్ళలో ఆఖరి బంతి లేవగానే మిగిలిన అన్నాన్ని శుభ్రమైన చాపల మీద ఆరబోయించి, కొంత చింతపండు పులుసులో పులిహోర కలిపిస్తాను, కొంత వెంటనే పంచేయమంటాను. సాయంత్రం దాకా గుండిగలోనే ఉండిపోయిన అన్నాన్ని మాత్రం ఎవరికీ పెట్టనివ్వను, పెళ్ళివారు కోప్పడినా సరే.