ఇళ్ల భవనం ఆఫీసులవుతున్నప్పుడు: అపోహలు, వాస్తవాలు

"గోడ ఒక్కటీ కదపడం లేదండీ, బల్లలూ కుర్చీలూ వేసుకుంటున్నాం, అంతే." లీజు పత్రం మీద సంతకం చేసేశాక నా దగ్గరికి వచ్చే డాక్టర్లు, ఆడిటర్లు, లాయర్లలో చాలామంది ఈ మాటతోనే మొదలుపెడతారు. గోడలు కదపకపోతే ఇంటిని ఆఫీసు చేసుకోవడానికి అనుమతి అక్కర్లేదనుకుంటారు. ఆర్కిటెక్టుగా నేను చూసినంతలో జనానికి ఎక్కువ డబ్బు వదిలించిన అపోహ ఇదే.

అనుమతి పత్రంలో "నివాసం" అని ఉన్నప్పుడు, మెట్ల వెడల్పు, బయటపడే దారులు, స్లాబు మోయవలసిన బరువు, మరుగుదొడ్లు, పార్కింగ్ అన్నీ ఆ ఒక్క మాటను బట్టే లెక్కకట్టి ఉంటాయి. ఆ మాట మారితే లెక్కలన్నీ మళ్లీ వేయవలసిందే. అందుకే ఒక్క మేకు కొట్టకపోయినా, వినియోగాన్ని మార్చడమే అనుమతి కావలసిన పనిగా చాలా చోట్ల చట్టం చూస్తుంది. నలుగురు నిద్రపోయిన ఫ్లాటులో పద్నాలుగు మంది పనిచేస్తారు, వారి కోసం వచ్చేవారికి మెట్లు ఎటున్నాయో కూడా తెలియదు.

బరువు సంగతి ఇంకా తక్కువమందికి తడుతుంది. ఇళ్ల స్లాబును సాధారణంగా చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్ల, అంటే సుమారు 200 కిలోల వినియోగ భారానికి (మనుషులు, సామాన్ల బరువుకు) డిజైన్ చేస్తారు. ఆఫీసు గదులకు 2.5 నుంచి 4 వరకు, ఫైళ్లు నిల్వచేసే గదులకు 5 లేదా అంతకన్నా ఎక్కువ తీసుకుంటారు. బల్లలతో పెద్దగా చిక్కు రాదు, వచ్చేది కాగితంతోనే. 500 షీట్ల ఏ4 కట్ట 2.5 కిలోలు తూగుతుంది, దాని మందం 5 సెంటీమీటర్లు. గట్టిగా సర్దితే మీటరు పొడవున్న అరలో 50 కిలోలు, ఆరు అరల ర్యాకులో 300 కిలోలు చేరతాయి, ఆ ర్యాకు నిలబడే చోటు అర చదరపు మీటరు కూడా ఉండదు. గోడవారన ఒకటి ఉంటే కంగారు పడనక్కర్లేదు కానీ, గది నిండా వరుసలు పెట్టే ముందు ఇంజినీరు లెక్క చూడాలి.

ఇద్దరు లాయర్లు మూడో అంతస్తులోని పడకగదిని రికార్డు రూముగా మార్చుకున్నారు. బీరువాల తలుపులు వాటంతటవే తెరుచుకుంటున్నాయని అమ్మినవాడిని రెండుసార్లు పిలిపించి తిట్టారు కూడా. నేను వెళ్లి మేస్త్రీ చేత నీటిగొట్టంతో లెవెల్ చూపిస్తే, గది నడుమ నేల వేలి మందాన దిగి ఉంది. కింది ఫ్లాటు సీలింగులో సన్నని పగులు కూడా కనిపించింది. పాపం, బీరువాల్లో తప్పేమీ లేదు. ఆ సాయంత్రమే వాటిని ఖాళీ చేయించాం.

మిగతా అపోహలను త్వరగా చెబుతాను. లోపలి గోడలన్నీ తీసేయవచ్చనుకోవద్దు, పిల్లర్లు లేని పాత కట్టడాల్లో గోడే భవనాన్ని మోస్తుంది, తట్టి చూసి ఆ సంగతి తేల్చలేము. బాత్‌రూము మూసేస్తే జాగా కలిసివస్తుందన్నది సగమే నిజం, పై అంతస్తుల పైపులు ఆ పక్కనుంచే దిగుతుంటే రేపు లీకేజీ వచ్చినప్పుడు చేయి పెట్టే దారి ఉండదు. "పక్క భవనంలో అనుమతి లేకుండానే నడుపుతున్నారు" అనే వార్తను మాత్రం దయచేసి నా దగ్గరికి తేవద్దు. వారికి ఇంకా నోటీసు రాలేదన్న సంగతి తప్ప దానివల్ల మనకు తెలిసేదేమీ లేదు.

ఇప్పటికే సంతకం చేసి నిద్రపట్టక తిరుగుతున్నవారు అనుమతి పత్రం, ఆమోదించిన ప్లాను, స్ట్రక్చరల్ డ్రాయింగులు తీసుకుని రండి. అన్ని సందర్భాల్లోనూ లీజు వదులుకోవలసిన అవసరం రాదు. ఇంజినీరు స్లాబును పరీక్షించాక, ఆ లాయర్ల రికార్డులు కింది అంతస్తులో నేల మీదే కట్టిన గదిలోకి చేరాయి, పై గదిలో ఇప్పుడు నలుగురు జూనియర్లు కూర్చుంటున్నారు.